బూడిద రంగు గడి

జూన్ 3

చెల్లీ,

ఫోన్ చెయ్యకుండా ఉత్తరం ఎందుకంటే, ఫోన్లో అయితే నువ్వు మధ్యలో అందుకుంటావు, నాకు ఒళ్ళు మండి పెట్టేస్తాను. ఆఫీసు మెయిల్‌కి రాస్తే మీ హెడ్డాఫీసులో ఎవరెవరు చదువుతారో తెలీదు. కాగితమైతే చివరిదాకా చదవక నీకు తప్పదు.

నన్ను సస్పెండ్ చేశారు. మీ బావగారు మా మరిదికి చెప్పే ఉంటారు, మరిది నీకు సగం చెప్పి సగం మింగే ఉంటాడు. అసలు జరిగింది విను.

ఇరవై ఆరేళ్ళు ఈ జైలు ఆఫీసులో విడుదల సెక్షన్ గుమాస్తాని. ఏ ఖైదీ ఏ రోజున బయటికి వెళ్ళాలో తారీఖు కట్టేది నేను. శిక్ష ఎంత, తీర్పుకి ముందు రిమాండ్‌లో ఎన్ని రోజులున్నాడు, అవి తీసేస్తే ఎంత మిగిలింది. ఇంతే లెక్క. పెన్సిల్‌తో వేసేదాన్ని. మర్నాడు మళ్ళీ మొదట్నుంచీ వేసి, రెండూ కలిస్తేనే సిరాతో రాసేదాన్ని.

ఫిబ్రవరిలో మీ స్లైడ్ల సారు వచ్చాడు. ఎక్కడికెళ్ళినా గోడమీద బొమ్మలు వేసి చూపిస్తాడని మీరంతా అలాగే పిలుస్తారట కదా. కొత్త సిస్టమ్ అన్నాడు, ఆధునీకరణ అన్నాడు. మూడు రోజుల్లో నా రిజిస్టర్లన్నీ గోనెసంచుల్లో కుట్టించి లక్కతో సీలు వేయించాడు. "సార్, కొన్ని నెలలు పాతదీ కొత్తదీ పక్కపక్కన నడిపితే తప్పులేవైనా ఉంటే తెలుస్తాయి కదా" అన్నాను. "పాత చెప్పులు గుమ్మం దగ్గరుంటే కాలు వాటిలోకే పోతుందమ్మా" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అది తలుచుకుంటే ఇప్పుడు నా చెంప నేనే వాయించుకోవాలని ఉంది.

మా జైల్లో ఒక వడ్రంగి ఉండేవాడు. వేరే ఊళ్ళో చిన్న జైల్లో అరవై ఒక్క రోజులు రిమాండ్‌లో ఉండి మా దగ్గరికి బదిలీ అయి వచ్చాడు. మీ తెరమీద "ముందు రోజులు" అనే గడిలో అతనికి సున్నా చూపిస్తోంది. దిద్దుదామంటే ఆ గడి బూడిద రంగులో ఉంది, ఎన్నిసార్లు నొక్కినా పలకదు. సూపరింటెండెంట్ గారి దగ్గరికి పరిగెత్తాను. "తెరమీద ఉన్నదే తారీఖు అని సర్క్యులర్ వచ్చిందమ్మా, నా చేతుల్లో ఏం లేదు" అన్నారు. హెడ్డాఫీసుకి రెండు ఫిర్యాదులు పెట్టాను. ఉలుకూ పలుకూ లేదు.

మార్చి ఇరవైన వెళ్ళాల్సిన మనిషి మే ఇరవైన వెళ్ళాడు. మధ్యలో, ఏప్రిల్లో, వాళ్ళమ్మ పోయింది.

అతని లాయరు గోల చేశాడు, పేపర్లో పడింది, ఎంక్వైరీ వేశారు. మొన్న రిపోర్టు వచ్చింది: "గుమాస్తా సమాచారాన్ని తప్పుగా నమోదు చేయడం వల్ల." తప్పు నాదట.

నిన్న ఆ వడ్రంగి మా ఇంటికొచ్చాడు. లోపలికి రమ్మన్నా రాలేదు, గేటు బయటే నిలబడ్డాడు. "పేపర్లో మీ పేరు చూశానమ్మా. నా తారీఖు కట్టింది మీరేనా?" అన్నాడు. కాదంటే సాకులా ఉంటుంది, అవునంటే అబద్ధం. కాసేపు చూసి వెళ్ళిపోయాడు.

ఆ స్లైడ్ల సారు పదిమందిలో నోట మాట రాకుండా నిలబడాలి. అది నేను ఎదురుగా కూర్చుని చూడాలి. ఆయన క్షమాపణలు నాకక్కర్లేదు, పొయ్యిలో పెట్టుకోమను. నువ్వు ఆ సిస్టమ్‌ని పరీక్షించే సెక్షన్‌లోనే ఉన్నావు కదా. ఆ గడి సంగతి వాళ్ళకి ముందే తెలుసేమో వెతుకు. ఒక్క కాగితం చాలు నాకు.

అక్క

జూన్ 10

అక్కా,

ఉత్తరం అందింది. చివరిదాకా చదివాను, రెండుసార్లు.

నీకు జరిగింది అన్యాయమే. అయితే కాగితం వెతకడం నువ్వనుకున్నంత తేలిక కాదు. ఇక్కడ ఏ ఫైలు ఎవరు తెరిచారో టైముతో సహా నమోదవుతుంది. ఇంకోటి అడుగుతాను, కోప్పడకు. వడ్రంగి వివరాలు మొదటిసారి ఎక్కించినప్పుడు నువ్వే ఆ గడి ఖాళీగా వదిలెయ్యలేదని ఖచ్చితంగా చెప్పగలవా? మూడు రోజుల్లో వందల పేర్లు ఎక్కించారు మీరు. ఎవరికైనా చెయ్యి జారుతుంది.

కొత్త సిస్టమే చెడ్డదని మాత్రం అనకు. నువ్వు ఆపరేషన్‌కి నెల రోజులు సెలవు పెట్టిన ఏడాది ఏమైందో గుర్తుందా? రిజిస్టర్లో నీ రాత ఎవరికీ అర్థం కాక ఒకతను తొమ్మిది రోజులు ఎక్కువ ఉన్నాడు. అది పేపర్లో రాలేదు, అంతే తేడా. ఒక మనిషి స్వేచ్ఛ ఒక గుమాస్తా చేతిరాత మీద ఆధారపడి ఉండకూడదు. నేనీ ఉద్యోగంలో చేరింది అందుకే.

"పొరపాటు జరిగి ఉండవచ్చు, చింతిస్తున్నాను" అని రెండు ముక్కలు రాసిచ్చెయ్. నెలలో మళ్ళీ తీసుకుంటారు. బావగారికి బీపీ ఎక్కువైందట, ఆయన్ని చూసుకో.

చెల్లి

జూన్ 17

హెడ్డాఫీసు డిప్యూటీ మేనేజర్ గారికి,

అవును, తెలిసింది. మా మరిది నోరు జారాడు. నన్ను సస్పెండ్ చేసిన వారంలోనే నీకు ప్రమోషన్ వచ్చిందట. స్లైడ్ల సారే తన చేత్తో ఆర్డరు ఇచ్చాడట. శుభాకాంక్షలు. నీ ఉత్తరంలో బావగారి బీపీకి చోటు దొరికింది గాని దీనికి దొరకలేదు.

చింతిస్తున్నానని రాసివ్వాలా? చెయ్యని తప్పుకి సంతకం పెట్టమని నా తోడికోడలే చెబుతోంది! పెళ్ళయి వచ్చిన మూడో రోజున నా వంటింటి డబ్బాలన్నిటికీ చీటీలు అంటించావు. ఉప్పు డబ్బా మీద పంచదార అని ఉంది. అది కూడా నా చెయ్యి జారడమేనా?

వడ్రంగి రోజులు నేనే ఎక్కించాను. అరవై ఒకటి. మర్నాడు చూస్తే సున్నా. ఇది నా పిల్లల మీద ఒట్టేసి చెబుతాను. నమ్మితే నమ్ము.

నేను ఇంట్లో కూర్చుని ఏడుస్తున్నానని అనుకోకు. వారానికి రెండు రోజులు ఖైదీల్ని చూడ్డానికి ఇంటివాళ్ళు వస్తారు కదా. జైలు గేటుకి ఎదురుగా టీ కొట్టు ముందు ఒక బల్ల ఉంది. అక్కడ కూర్చుంటున్నాను. తీర్పు కాగితం, బదిలీ కాగితం, జైలు వాళ్ళిచ్చిన తారీఖు చీటీ తెచ్చినవాళ్ళకి నేను పెన్సిల్‌తో మళ్ళీ లెక్క వేసి చూపిస్తున్నాను. గేటు సెంట్రీ నన్ను చూడనట్టు నటిస్తాడు. మంచివాడు, వాడి పెళ్ళి సెలవు మంజూరు చేయించింది నేనే.

దేనికి చేస్తున్నానో నీకు చెప్పను. వెళ్ళి మీ సారుకి చెబుతావేమో.

పెద్ద కోడలు

జూన్ 24

అక్కా,

ప్రమోషన్ సంగతి చెప్పకపోవడం నా తప్పు. ఎలా చెప్పాలో తెలీలేదు. అది జనవరిలోనే అనుకున్నది, ఆర్డరు ఇప్పుడు చేతికొచ్చింది. నిన్ను సస్పెండ్ చేసినందుకు నాకిచ్చిన బహుమతి కాదు. అలా అనుకోగలిగావంటే ఇన్నేళ్ళు ఒకే ఇంట్లో మనం ఏం చేసినట్టు?

ఆ డబ్బాల మీద చీటీలు సరిగ్గానే ఉండేవి. ఉప్పూ పంచదారా తారుమారు చేసి పోసింది నువ్వు. నేను చూశాను. అప్పుడు అనలేదు, ఇప్పుడు అంటున్నాను.

రాసిన అరవై ఒకటి మర్నాడు సున్నా అయిందన్నావు. బదిలీ వివరాలు ఎక్కించాక అయిందా, ముందా? అది మాత్రం నాకు వెంటనే రాయి. మిగతా తిట్లు తర్వాత రాద్దువు గాని.

చెల్లి

జూలై 6

చెల్లీ,

బదిలీ ఎక్కించాకే. నువ్వు అడిగిన తీరు చూస్తే నీకేదో తెలుసు. సరే, నిన్ను నమ్ముతున్నాను. ఇదే ఆఖరిసారి.

దీంతోపాటు ఒక జాబితా పెట్టాను. బల్ల దగ్గర మూడు వారాల్లో నూట పన్నెండు మంది కాగితాలు చూశాను. వాళ్ళలో పద్నాలుగు మందికి తారీఖు తప్పు. పద్నాలుగు మందీ వేరే జైలు నుంచి బదిలీ మీద వచ్చినవాళ్ళే. అందరికీ ముందు రోజులు సున్నా. ఐదుగురైతే ఈపాటికి ఇంట్లో అన్నం తింటూ ఉండాలి. ఇంకా లోపలే ఉన్నారు.

ఇప్పుడు విను. ఈ నెల ఇరవై ఎనిమిదిన మీ సిస్టమ్‌ని అన్ని జైళ్ళకీ విస్తరిస్తున్నారట. మంత్రి వస్తాడట, స్లైడ్ల సారుకి శాలువా కప్పుతారట. ఆ సభకి పేపరువాళ్ళంతా వస్తారు. వడ్రంగి లాయరుతో మాట్లాడాను. శాలువా భుజాల మీద పడ్డ నిమిషంలో ఈ ఐదుగురి ఇళ్ళవాళ్ళు లేచి నిలబడతారు. ఒక్కొక్కరు ఒక్కొక్క చీటీ చదువుతారు. నేను మూడో వరసలో కూర్చుంటాను. ఏ చీర కట్టుకోవాలో కూడా అనుకున్నాను, నవ్వుకో.

అప్పటిదాకా ఈ జాబితా మూడో కంటపడకూడదు. ముందే తెలిస్తే నాలుగు తారీఖులు దిద్దేసి చేతులు దులుపుకుంటాడు. నీకెందుకు పంపానంటే, సిస్టమ్‌లో ఇవే పేర్లకి ఏముందో సరిచూసి పెట్టు. అంతే. ఇంకేం చెయ్యకు.

అక్క

జూలై 9

అక్కా,

జాబితా హెడ్డాఫీసులో ఇచ్చేశాను. ఈ పొద్దున్నే, రాతపూర్వకంగా, నా పేరుతో.

ఐదుగురు ఈపాటికి ఇంట్లో ఉండాలని నీ చేత్తో నువ్వే రాశావు. ఇంకో ఇరవై రెండు రోజులు ఆగమన్నావు. ఐదుగురికి ఇరవై రెండు అంటే నూట పది రోజులు. నీ పగకి వాళ్ళ రోజులు ఖర్చుపెట్టే హక్కు నీకెవరిచ్చారు? ఇళ్ళవాళ్ళని అడిగావా, ఆ ఇరవై రెండు రోజులూ వాళ్ళకి సమ్మతమేనా అని?

రేపు ఐదుగురినీ వదులుతారు.

చెల్లి

జూలై 16

పేపరు కత్తిరించి పంపుతున్నాను. మొదటి పేజీ. స్లైడ్ల సారు ఫొటో పెద్దది. కింద రాసింది చదువు: "మా వ్యవస్థ తన తప్పుల్ని తానే పట్టుకుంది. మనుషుల చేతిరాత మీద ఆధారపడే రోజుల్లో ఇది సాధ్యమయ్యేది కాదు."

తానే పట్టుకుందట! మూడు వారాలు ఎండలో బల్ల మీద కూర్చున్నది నేను. వేళ్ళకి పెన్సిల్ కాయలు కాశాయి. నువ్వేమో నా కష్టాన్ని పళ్ళెంలో పెట్టి ఆయన ముందుంచావు. శాలువా ఇంకా ముందే కప్పించావు.

ఐదుగురు బయటికొచ్చారు, సంతోషమే. నూట పది రోజుల లెక్క వేసి నాకు బుద్ధి చెప్పావు. బాగుంది. మరి నూట పన్నెండు మందివే నేను చూసింది. ఈ జైల్లో తొమ్మిది వందల మంది ఉన్నారు. అన్ని జైళ్ళకీ విస్తరించాక ఎన్ని వేల మంది? ఆ రోజులన్నీ ఎవరి ఖాతాలో వేస్తావు?

ఒక్కటి తెలుసుకున్నాను. నువ్వు వెతకనిది కాగితం దొరకదని కాదు, దొరుకుతుందని. ఆయనతోపాటు నువ్వూ తిన్నావు, నువ్వూ దాస్తున్నావు. ఇకమీదట మా ఇంటి గడప తొక్కకు. మరిదిని రమ్మను, పిల్లల్ని రమ్మను. నువ్వొద్దు.

జూలై 21

అక్కా,

నువ్వు పై పేరూ కింద పేరూ లేకుండా రాసినా, నేను అక్కా అనే రాస్తాను. తర్వాత నీ ఇష్టం.

నువ్వన్నది నిజం. దొరుకుతుందని తెలిసే వెతకలేదు. వెతకాల్సిన పని కూడా లేదు, మొదట్నుంచీ నా బీరువాలోనే ఉంది. రెండు కాగితాలు. అసలువే పంపుతున్నాను, నకళ్ళు కాదు.

మొదటిది జనవరి తొమ్మిదిన నేను రాసిన నోటు. "ఖైదీ ఒక జైలు నుంచి మరో జైలుకి బదిలీ అయినప్పుడు ముందు రోజులు చెరిగిపోయి సున్నా అవుతున్నాయి. గడి దిద్దడానికి వీల్లేకుండా ఉంది. సరిచేసేవరకు ప్రారంభించరాదు." దాని పక్కన ఆకుపచ్చ సిరాతో ఉన్నది స్లైడ్ల సారు చేతిరాత. "ప్రారంభం అయ్యాక చూద్దాం."

రెండోది ఫిబ్రవరి రెండున ఇచ్చిన సర్టిఫికెట్. "పరీక్షలన్నీ పూర్తయ్యాయి. లోపాలేవీ లేవు." కింద సంతకం నాది.

ఆ రోజు ఆయన నన్ను గదిలోకి పిలిచి, "ఆహ్వానాలు అచ్చయిపోయాయి, ఒక్క గడి కోసం ఆపుతావా?" అన్నాడు. డిప్యూటీ పోస్టు గురించి కూడా అన్నాడు. నేను పెట్టేశాను. భయపడి పెట్టానని చెప్పుకోవచ్చు, కానీ అది పూర్తి నిజం కాదు. మనింట్లో లెక్క ఏదొచ్చినా అత్తగారు "పెద్దదాన్ని అడగండి" అనేవారు. నేను కంప్యూటర్లు చదువుకుని వచ్చినా నిన్నే అడగమనేవారు. మా తెర నీ పెన్సిల్ కంటే గొప్పదని ఒక్కసారి చూపించాలనిపించింది. నీ రెండు ఫిర్యాదులూ నా బల్ల మీదకే వచ్చాయి. తీసి సొరుగులో పెట్టాను.

వడ్రంగి వాళ్ళమ్మ సంగతి పేపర్లో చదివాక సరిగ్గా అన్నం తినలేదు. అయినా నీకు "చెయ్యి జారిందేమో" అని రాశాను. ఎలా రాశానో నాకే తెలీదు.

ఐదుగురి సంగతి బయటపడ్డాక ఇప్పుడు జడ్జిగారితో కొత్త విచారణ వేశారు కదా. ఇవి అక్కడ ఇస్తే స్లైడ్ల సారు పోతాడు. ఆయనతోపాటు నేనూ పోతాను. ఇస్తావో, చింపేస్తావో. నేను అడగను.

చెల్లి

ఆగస్టు 30

చెల్లీ,

ఇచ్చాను. నెల రోజులు బీరువాలో పెట్టుకుని చూశాను, మీ బావగారు కూడా "దాని బతుకు పోతుందే" అన్నారు. అయినా ఇచ్చాను.

నిన్న విచారణ. నువ్వు లోపలి గదిలో వాంగ్మూలం ఇస్తున్నావు కాబట్టి హాల్లో జరిగింది నీకు తెలీదు. చెబుతాను.

జడ్జిగారు పెద్దావిడ. కళ్ళద్దాలు నుదుటి మీదకి తోసుకుని కాగితాలు కళ్ళ దగ్గర పెట్టుకుని చదువుతారు. ఆకుపచ్చ సిరా చూసి, "ఈ రాత మీదేనా?" అని అడిగారు.

"నాదే. కానీ మేడమ్, తర్వాత లోపాల్లేవని టెస్టింగ్ ఆఫీసరు సర్టిఫికెట్ ఇచ్చారు. లోపలి వివరాలు నాకు తెలియవు. నేను నమ్మాను" అన్నాడు స్లైడ్ల సారు. చూశావా, చివరికి నిన్నే ముందుకు తోశాడు.

"తెలియని వివరాల కోసం తెలిసిన రిజిస్టర్లకి సీలు వేయించారా?" అన్నారావిడ. ఆయన స్లైడ్లు చూపిస్తానని సంచి తెరవబోయాడు. "అవి వద్దు. వడ్రంగి కాగితాలు ఇవిగో. విడుదల తారీఖు కట్టండి" అని పెన్సిలూ తెల్ల కాగితమూ ముందుకు జరిపారు.

చెల్లీ, ఆయన తీర్పు తేదీ రాశాడు, కొట్టేశాడు. వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టాడు. ఏ నెలకి ముప్ఫై, ఏ నెలకి ముప్ఫై ఒకటి అని పెదాలు కదుపుతున్నాడు. చెమట కాగితం మీద పడింది. పదకొండు నిమిషాలు. గోడ గడియారం చూస్తూనే ఉన్నాను. ఆఖరికి ఒక తారీఖు రాశాడు. నాలుగు రోజులు తేడా. జడ్జిగారు నన్ను పిలిచారు. నేను నిలబడే వేశాను, మార్చి ఇరవై. వెనకాల ఎవరో నవ్వారు. ఆయన తల ఎత్తలేదు. నేను ఏది చూడాలని జూన్ నుంచీ కాచుకున్నానో అది కడుపారా చూశాను. తీపిగానే ఉంది. పెద్దవాళ్ళు చెప్పినట్టు చేదుగా ఏం లేదు.

వడ్రంగి ఆఖరి బెంచీలో ఉన్నాడు. తప్పు నాది కాదని తేలాక నా వైపు చూస్తాడనుకున్నాను. చూడలేదు. అయిపోగానే చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు.

ఇంకోటి చెప్పాలి. సర్టిఫికెట్ చూపించి, "ఈ సంతకం ఎవరిదో మీకు తెలుసా?" అని జడ్జిగారు నన్నడిగారు. ఫైల్లో పేరు ఉంది, నేను చెప్పక్కర్లేదు. అయినా గట్టిగా చెప్పాను. "నా తోడికోడలిది." ఆ మాట అన్నప్పుడు నాకు సంతోషం వేసింది. ఆయన చెమట చూసినప్పుడు వేసినంత సంతోషం. నా ఫిర్యాదులు సొరుగులో పెట్టిన చెయ్యి అదే కదా అనిపించింది. నీకు చెప్పకుండా ఉంటే నేనూ దాచినదాన్నే అవుతాను, అందుకే రాస్తున్నాను.

సంచులు విప్పారు. ఆరు నెలలు రిజిస్టరూ తెరా పక్కపక్కన నడపాలని ఆదేశం. బదిలీ మీద వచ్చిన ప్రతి ఖైదీ తారీఖూ అన్ని జైళ్ళలోనూ చేత్తో సరిచూడాలి. సోమవారం నుంచి నన్ను మళ్ళీ రమ్మన్నారు. నీ మీద సస్పెన్షన్ ఆర్డరు వస్తోందని మరిది చెప్పాడు.

అక్క

సెప్టెంబర్ 5

అక్కా,

సస్పెన్షన్ ఆర్డరు మంగళవారం ఇచ్చారు. ఇచ్చిన అమ్మాయి నా కళ్ళలోకి చూడలేకపోయింది. తొమ్మిదేళ్ళ సామాను ఒక అట్టపెట్టెలో పట్టింది. స్లైడ్ల సారుని ప్రాజెక్టు నుంచి తీసేశారు. లిఫ్ట్‌లో ఇద్దరమే ఎదురుపడ్డాం. "మీ ఇంటి గొడవకి నన్ను బలిచేశారు" అన్నాడు. "అరవై ఒక్క రోజులు మా ఇంటివి కావండి" అన్నాను.

నీ ఉత్తరంలో ఆ సంతోషం గురించి రాసిన చోటు మూడుసార్లు చదివాను. ఆ కాగితాలు నీ చేతికి పంపినప్పుడు, అక్కే కదా, నా పేరున్నది మాత్రం పక్కన పెడుతుందేమోనని లోపల ఎక్కడో ఆశ ఉండేది. అడగనన్నాను గాని ఆశపడ్డాను. నువ్వు పెట్టలేదు. న్యాయంగా చూస్తే నువ్వు చేసిందే సరి. కానీ నాకు న్యాయంగా చూడబుద్ధి కావడం లేదు. నువ్వు గట్టిగా పలికిన ఆ మాట లోపలి గదిలోకి కూడా వినిపించింది. తలుచుకుంటే ఒళ్ళు భగ్గుమంటోంది.

నిన్ను క్షమించలేదు. నువ్వు నన్ను క్షమించలేదని కూడా తెలుసు. నువ్వు క్షమించాలని నేను కోరను, వడ్రంగి కూడా నన్ను క్షమించడు. మొన్న వాళ్ళింటికి వెళ్ళి సంతకం నాదని చెప్పాను. "ఎందుకు చెబుతున్నారు?" అన్నాడు. తలుపు వేసుకున్నాడు.

ఆదివారం పొద్దున బస్సుకి మీ ఇంటికొస్తున్నాను. గడప తొక్కొద్దన్నావు, అయినా తొక్కుతాను. చేతిలో పళ్ళూ పూలూ ఏమీ ఉండవు. బావగారిని ఏదో పని చెప్పి సాయంత్రం దాకా బయటికి పంపించు, పాపం ఆయన బీపీకి మంచిది కాదు. మన మధ్య ఉన్నది ఉత్తరాల్లో తేలేది కాదు. ఎదురుగా నిలబడి నిన్ను తిట్టాలి నేను. నువ్వూ మొహమాటపడకు.

చెల్లి